పాఠం చెప్పడం తగ్గింది, టీచర్ పని తగ్గలేదు

టీచర్ చేసే పనులన్నిటిలో ఇవాళ అన్నిటికంటే చవగ్గా దొరికేది పాఠం వివరించడమే. పైథాగరస్ సిద్ధాంతమైనా, కిరణజన్య సంయోగక్రియ అయినా, ఫ్రెంచి విప్లవమైనా ఫోన్‌లో వెతికితే పదుల కొద్దీ వీడియోలు వచ్చి పడతాయి. వాటిలో కొన్ని మామూలు క్లాసులో జరిగే పాఠం కంటే బాగుంటాయి కూడా. బొమ్మలు కదులుతాయి, అర్థం కాకపోతే వెనక్కి తిప్పి వినొచ్చు, పదోసారి విన్నా ఆ గొంతులో విసుగు ఉండదు. 2004లో సల్మాన్ ఖాన్ (హిందీ సినిమా హీరో కాదు, అమెరికాలో ఫైనాన్స్ ఉద్యోగం చేస్తున్న ఇంజనీరింగ్ పట్టభద్రుడు) వేరే ఊళ్లో ఉన్న తన కజిన్‌కు దూరం నుంచే లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. 2006లో ఆ పాఠాలు యూట్యూబ్‌కు ఎక్కాయి. 2008లో ఖాన్ అకాడమీ లాభాపేక్ష లేని సంస్థగా ఏర్పడింది. ఒక్క మనిషి చెప్పిన పాఠం లక్షల మందికి ఉచితంగా చేరడం ఆ తర్వాత ఎవరికీ వింతగా అనిపించలేదు.

దీని వెంటే ఒక మాట కూడా స్థిరపడింది. ఇకపై టీచర్ సమాచారం అందించే మనిషి కాదట, దారి చూపే మనిషట. ట్రైనింగుల్లో, సెమినార్లలో, విద్యా విధానాల పత్రాల్లో ఈ వాక్యం కనిపించని చోటు లేదు. ఇందులో సగం నిజముంది. రెండో సగమే ఇబ్బంది. దారి చూపడం అంటే పక్కన నిలబడి ప్రోత్సహిస్తే చాలన్నట్టు వినిపిస్తుంది. నిజానికి పాఠం చెప్పే భాగాన్ని యంత్రాలు తీసుకున్నాక టీచర్ చేతిలో మిగిలినవి అన్నిటికంటే కష్టమైన పనులు: పిల్లలకు ఏది అర్థం కాలేదో కనిపెట్టడం, వాళ్లను చదువులో నిలబెట్టడం, వాళ్లకు నిజంగా ఏం వచ్చో తీర్పు చెప్పడం. వీటికి సబ్జెక్టు మీద పట్టు ముందుకంటే ఎక్కువ కావాలి, టైమూ ఎక్కువ కావాలి. ఆ టైమును మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

టీచర్ల అవసరం తీరిపోయిందన్న జోస్యం కొత్తదేమీ కాదు. బడుల్లో పుస్తకాలకు కాలం చెల్లబోతోందని, పదేళ్లలో బడి మొత్తం మారిపోతుందని 1913లో థామస్ ఎడిసన్ చలనచిత్రాలను చూసి అన్నారు. ఆ తర్వాత రేడియో వచ్చింది. 1950ల్లో మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రశ్నలడిగి జవాబు సరిచూసే బోధన యంత్రాన్ని తయారుచేశారు. 1964లో అమెరికన్ సమోవా దీవుల్లో ముఖ్యమైన పాఠాలన్నీ టీవీలోనే చెప్పే ఏర్పాటు చేశారు. అక్కడ క్లాసులో ఉండే టీచర్ పని టీవీ పాఠానికి ముందూ వెనుకా పిల్లలను సిద్ధం చేయడం. కొన్నేళ్లకు టీచర్లకూ పెద్ద పిల్లలకూ అసంతృప్తి పెరిగింది, 1970ల్లో టీవీ పక్కకు జరిగి టీచర్ మళ్లీ ముందుకు వచ్చారు. ఇన్ని ఉదాహరణలు చూశాక ఈసారీ అంతే అని తేల్చేయాలనిపిస్తుంది. కానీ సినిమా గాని, టీవీ గాని పిల్లలడిగిన దానికి బదులు చెప్పలేదు. ఇప్పటి సాధనాలు చెబుతున్నాయి. అందుకే పాత అనుభవాన్ని యథాతథంగా తెచ్చి అతికిస్తే సరిపోదు.

పాఠం ఒక్కటే ఉంటే ఏమవుతుందన్నది 2011 తర్వాత పెద్ద ఎత్తున తేలింది. ఆ ఏడాది స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ సెబాస్టియన్ థ్రన్, గూగుల్‌కు చెందిన పీటర్ నార్విగ్ కలిసి కృత్రిమ మేధ కోర్సును ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే దాదాపు 1,60,000 మంది పేర్లు నమోదు చేసుకున్నారు. చివరిదాకా వచ్చినవాళ్లు 20 వేల పైచిలుకు. అయినా ఒక ప్రొఫెసర్‌కు అదీ జీవితకాలంలో దొరకని సంఖ్యే కాబట్టి ఉత్సాహం ఆగలేదు. 2012లో ఆన్‌లైన్ కోర్సులు నడిపే కోర్సెరా, ఎడెక్స్, థ్రన్ పెట్టిన యుడాసిటీ రంగంలోకి దిగాయి. తర్వాత వచ్చిన కోర్సుల్లో పూర్తిచేసేవాళ్లు నూటికి పది మంది కూడా లేకపోవడం మామూలైంది. 2013లో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ యుడాసిటీతో కలిసి లెక్కలు, స్టాటిస్టిక్స్ కోర్సులు నడిపింది. లెక్కల్లో వెనకబడ్డ విద్యార్థులు కూడా అందులో ఉన్నారు. మామూలు క్లాసుల కంటే చాలా తక్కువ మంది పాసవడంతో కొన్ని నెలలకే ఆ ప్రయోగానికి విరామం ఇచ్చారు.

పాఠాల నాణ్యతలో లోపమేం లేదు. చెప్పినవాళ్లు దిగ్గజాలు. చదువు మీద ముందే పట్టు, పట్టుదల ఉన్నవాళ్లు బ్రహ్మాండంగా లాభపడ్డారు, ఇప్పటికీ పడుతున్నారు. వాళ్లకు కావాల్సింది పాఠమే. మిగతావాళ్లకు కావాల్సింది రేపు కూడా వచ్చి కూర్చోవడానికి ఒక కారణం. మూడు రోజులు రాకపోతే ఏమైందని అడిగే మనిషి, తప్పు చేసినప్పుడు సిగ్గుపడకుండా నిలబెట్టే మనిషి ఉంటేనే ఆ కారణం దొరుకుతుంది. బడిలో ఇది ఎప్పుడూ జరిగేదే. జీతం పట్టికలో గాని, ఉద్యోగ వివరణలో గాని దీనికి పేరు లేదు కాబట్టి ఇదొక పని అని ఎవరూ లెక్కపెట్టలేదు.

పరికరాల సంగతీ ఇంతే. ప్రతి పిల్లాడికీ ఒక చవక ల్యాప్‌టాప్ అన్న పథకాన్ని నికొలస్ నెగ్రోపాంటే 2005లో ప్రకటించారు. పెరూ దేశం లక్షల సంఖ్యలో కొని పల్లె బడులకు పంచింది. పదిహేను నెలల తర్వాత పిల్లల లెక్కల్లో, భాషలో మెరుగుదల కనిపించలేదని ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 2012లో వెల్లడించిన మూల్యాంకనం తేల్చింది. ల్యాప్‌టాప్‌తో పాఠాన్ని ఎలా కలపాలో టీచర్లకు చెప్పినవాళ్లు తక్కువ. బడుల్లో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చుపెట్టిన దేశాల్లో చదవడం, లెక్కలు, సైన్సు చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదని ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఓఈసీడీ సంస్థ 2015 నివేదిక కూడా చెప్పింది. విద్యా పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ 1983లోనే దీని మీద ఒక పోలిక చెప్పి పెట్టారు. సరుకులు తెచ్చిన లారీ మారినంత మాత్రాన తిండిలో పోషకాలు మారవు, పాఠం మోసుకొచ్చే సాధనమూ అంతే అన్నది ఆయన వాదన. ఆ వాదనకు ఎదురు చెప్పినవాళ్లూ ఉన్నారు. లారీ ఏమో గాని, తిరిగి ప్రశ్న వేసే యంత్రం సరుకును కూడా కాస్త మారుస్తుంది.

ఇక అర్థం కానిదాన్ని కనిపెట్టడం దగ్గరికి వద్దాం. టీచర్ నైపుణ్యం అసలు బయటపడేది ఇక్కడే. 0.35, 0.8 ఈ రెండిట్లో ఏది పెద్దది అని అడిగితే కొందరు పిల్లలు 0.35 అంటారు. ముప్పై అయిదు ఎనిమిది కంటే పెద్దది కదా అని వాళ్ల లెక్క. పూర్ణాంకాల అలవాటు దశాంశాల్లోకి వచ్చేసింది, ఇది తేలిగ్గానే దొరుకుతుంది. ఇంకొందరు 0.8 అంటారు. జవాబు సరైనదే, టిక్కు పడుతుంది. కానీ వాళ్లలో కొందరు అలా చెప్పింది బిందువు తర్వాత అంకెలు తక్కువ ఉన్నదే ఎప్పుడూ పెద్దదన్న నమ్మకంతో. పదోవంతులు పెద్ద ముక్కలు, నూరోవంతులు చిన్న ముక్కలు, కాబట్టి చిన్న ముక్కలతో చేసింది చిన్నదే అవుతుందని ఎక్కడో అల్లుకున్నారు. వాళ్లనే 0.8, 0.85లలో ఏది పెద్దదని అడిగితే మళ్లీ 0.8 అంటారు. మొదటి ప్రశ్న ఒక్కటే అడిగి మార్కు వేసిన చోట ఈ పొరపాటు ఏళ్ల తరబడి దాగి ఉంటుంది.

జాగ్రత్తగా తయారుచేసిన సాఫ్ట్‌వేర్ రెండో ప్రశ్న కూడా అడగగలదు. కొన్ని అడుగుతున్నాయి కూడా. అయితే ఆ ప్రశ్న అడగాలని దానికి నేర్పింది ఎవరు? ఇలాంటి తప్పులను వందల మంది పిల్లల నోట విన్న టీచర్లు, పరిశోధకులే. ఇంకో సంగతి, పిల్లాడు తప్పు చెప్పడానికి కారణం ప్రతిసారీ లెక్కలో ఉండదు. ప్రశ్న చదవడం రాక కావచ్చు, రాత్రి నిద్ర లేక కావచ్చు, పక్కవాడు నవ్వుతాడన్న భయం కావచ్చు. స్క్రీన్ మీద ఇవన్నీ ఒకే ఎర్ర గుర్తుగా కనిపిస్తాయి.

పాఠం బాగా చెప్పినంత మాత్రాన అర్థమైనట్టు కాదని హార్వర్డ్ భౌతికశాస్త్ర ప్రొఫెసర్ ఎరిక్ మజూర్‌కు ఇంటర్నెట్ రాకముందే తెలిసింది. ఆయన విద్యార్థులు కష్టమైన సమీకరణాలను అవలీలగా సాధించేవారు. బరువైన ట్రక్కు, చిన్న కారు ఢీకొంటే ఏది దేని మీద ఎక్కువ బలం చూపుతుంది లాంటి ప్రశ్నలతో మాటల్లో పరీక్ష పెడితే తడబడ్డారు. రెండు బలాలూ సమానం. న్యూటన్ మూడో నియమం అందరికీ కంఠతా వచ్చు, అయినా మనసు మాత్రం ట్రక్కే అంటుంది. మీరు నేర్పినట్టు రాయాలా, నేను మామూలుగా ఆలోచించేట్టు రాయాలా అని ఆ పరీక్షలో ఒక విద్యార్థి అడిగిందని మజూర్ చెబుతుంటారు. 1991 నుంచి ఆయన ఉపన్యాసం తగ్గించారు. ప్రశ్న వేసి, ప్రతి ఒక్కరూ జవాబు ఎంచుకున్నాక, పక్కవాళ్లతో వాదించుకోమని, మళ్లీ ఎంచుకోమని చెప్పే పద్ధతికి మారారు. 2007 ప్రాంతంలో కొలరాడోలో జొనాథన్ బర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు పాఠాలను వీడియోలు తీసి ఇంటికి పంపి, హోంవర్క్‌ను క్లాసులో చేయించడం మొదలుపెట్టారు. తారుమారు తరగతి అన్న ఆలోచన అక్కడి నుంచే జనంలోకి వెళ్లింది.

చెప్పుకోవడానికి ఇది సులువుగా ఉంటుంది. చేసేవాళ్లకు తెలుస్తుంది అసలు సంగతి. ఉపన్యాసంలో టీచర్ సిద్ధం చేసుకున్న వరుసలో వెళ్లిపోవచ్చు, తెలియని మూలలను తప్పించుకోవచ్చు. వాదన జరిగే క్లాసులో ఏ ప్రశ్న ఎటునుంచి వస్తుందో తెలియదు. పిల్లాడి తప్పు ఆలోచనలో ఎంతవరకు ఒప్పు ఉందో అక్కడికక్కడే పట్టుకోవాలి. అందుకే నెట్‌లో అన్నీ ఉన్నాయి కాబట్టి టీచర్‌కు సబ్జెక్టు అంతగా రాకపోయినా ఫర్వాలేదన్న మాట వింటే ఆశ్చర్యం వేస్తుంది. విషయం తెలియని మార్గదర్శి పిల్లల పక్కన నడవగలరేమో గాని వాళ్లు దారి తప్పినట్టు గుర్తుపట్టలేరు. పైగా ఇంట్లో వీడియో చూడని పిల్లలు, చూడటానికి ఫోనే లేని పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. తారుమారు తరగతిలో వాళ్లు మొదటి నిమిషం నుంచే వెనకబడతారు.

2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చాక అన్నిటికంటే ముందు కూలింది హోంవర్క్ మీద నమ్మకం. అప్పటిదాకా ఇంటి దగ్గర రాసుకొచ్చిన వ్యాసం చూస్తే పిల్లలకు ఎంత వచ్చో ఓ అంచనా దొరికేది. అన్నయ్యో, ట్యూషన్ మాస్టారో సాయం చేసినా అది కొందరి విషయంలోనే. ఇప్పుడు చక్కటి వ్యాసం ఎవరైనా అర నిమిషంలో తెప్పించుకోవచ్చు. 2023 జనవరిలో న్యూయార్క్ నగర ప్రభుత్వ బడులు తమ నెట్‌వర్క్‌లో దాన్ని నిషేధించాయి. నాలుగు నెలలకే, మేలో, ఆ నిషేధాన్ని ఎత్తేశాయి. ఇంట్లో ఫోన్ ఉన్నప్పుడు బడి వైఫైలో ఆపి ఉపయోగం ఏముంది?

తర్వాత దొంగను పట్టే యంత్రాల వంతు వచ్చింది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ సంస్థే యంత్రం రాసినదాన్ని గుర్తించే సాధనాన్ని విడుదల చేసింది. అది యంత్రం రాసినవాటిలో 26 శాతాన్ని మాత్రమే పట్టగలుగుతోందని సంస్థే చెప్పుకుంది, ఆర్నెల్లకు కచ్చితత్వం లేదని ఉపసంహరించుకుంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఇలాంటి ఏడు సాధనాలను పరీక్షిస్తే ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్ష కోసం స్వయంగా రాసిన వ్యాసాల్లో సగటున 61 శాతాన్ని యంత్రం రాసినవిగా ముద్రవేశాయి. తెలిసిన కొద్ది మాటలతో జాగ్రత్తగా రాసేవాళ్ల వాక్యాలు వాటికి యంత్రం వాక్యాల్లా కనిపించాయి. అలాంటి రిపోర్టు చేతపట్టుకుని పిల్లాడిని నిలదీయడం టీచర్ చేయకూడని పని. పోలీసు ఉద్యోగం టీచర్‌కు నప్పదు, అందులోనూ సాక్ష్యం ఇంత బలహీనంగా ఉన్నప్పుడు.

అయితే యంత్రం సాయంతో పిల్లలు నేర్చుకుంటున్నారా లేదా అన్నది వేరే ప్రశ్న. దీనికి ఇప్పటిదాకా వచ్చిన జవాబుల్లో బాగా ఆలోచింపజేసేది టర్కీలో జరిగిన ప్రయోగం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు వెయ్యి మంది హైస్కూలు పిల్లలను లెక్కల సాధనలో మూడు రకాలుగా విడదీశారు. కొందరికి పుస్తకాలే. కొందరికి మామూలు చాట్‌బాట్. ఇంకొందరికి జవాబు చెప్పకుండా మెల్లగా సూచనలిచ్చే చాట్‌బాట్. ఆ మూడో దానిలో ఏ లెక్క దగ్గర పిల్లలు ఎలాంటి తప్పులు చేస్తారో, అప్పుడు ఏ సూచన ఇవ్వాలో టీచర్లు ముందే రాసిచ్చారు. సాధన చేసేటప్పుడు పుస్తకాల గుంపుతో పోలిస్తే మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు 48 శాతం, సూచనల చాట్‌బాట్ వాడినవాళ్లు 127 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత అన్నీ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ గుంపు అసలు ఏదీ వాడనివాళ్ల కంటే 17 శాతం వెనకబడింది. సూచనల చాట్‌బాట్ గుంపు వెనకబడలేదు, అలాగని ముందుకూ పోలేదు. వెనకబడినవాళ్లకు తాము తక్కువ నేర్చుకున్నామన్న అనుమానం కూడా రాలేదు.

రెండు చాట్‌బాట్‌ల లోపలున్న యంత్రం ఒకటే. తేడా అంతా టీచర్లు రాసిచ్చిన ఆ సూచనల్లో, జవాబు చెప్పొద్దని పెట్టిన కట్టడిలో ఉంది. హార్వర్డ్‌లో ఫిజిక్స్ విద్యార్థుల మీద జరిగిన ఇంకో ప్రయోగంలో కృత్రిమ మేధ ట్యూటర్‌తో చదివినవాళ్లు మంచి క్లాసులో కూర్చున్నవాళ్ల కంటే తక్కువ టైములో ఎక్కువ నేర్చుకున్నారు. అక్కడ కూడా ప్రతి లెక్కకూ మెట్టు మెట్టుగా సమాధానాలు అధ్యాపకులు ముందే రాసి పెట్టారు, యంత్రం సొంత కవిత్వం చెప్పకుండా. ఈ రెండూ కలిపి చూస్తే టీచర్ తెలివి క్లాసు గది నుంచి సాధనం లోపలికి కూడా వెళ్తోందని తెలుస్తుంది. అలా వెళ్లడానికి టీచర్లను పిలిచి, కూర్చోబెట్టి, టైము ఇవ్వాలి. కొనుగోలు మాటలు జరిగే గదిలో సాధారణంగా వాళ్లు ఉండరు.

పిల్లలకు ఏం వచ్చో తేల్చే పని ఇప్పుడు మళ్లీ మనిషి ఎదుటికే వస్తోంది. క్లాసులోనే చేత్తో రాయించడం, రాసిన వ్యాసం మీద నోటితో ప్రశ్నలడగడం, చివరి ప్రతి ఒక్కటే కాకుండా దాని ముందు చిత్తుప్రతులు కూడా చూడటం, ఇవన్నీ చాలా చోట్ల పెరుగుతున్నాయి. మంచివే. ఒక్కసారి లెక్క వేసి చూడండి. నలభై మంది ఉన్న క్లాసులో ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడితే నాలుగు వందల నిమిషాలు, అంటే ఆరున్నర గంటలకు పైనే. ఒక క్లాసుకు, ఒక సబ్జెక్టుకు, ఒక్కసారికి. హోంవర్క్‌ను చాట్‌బాట్ మింగేసిన రోజున టీచర్ టైంటేబుల్ కూడా మారాల్సింది. మారలేదు.

టీచర్ తీర్పును పక్కనపెడితే ఏమవుతుందో 2020లో ఇంగ్లండ్ చూసింది. కోవిడ్ వల్ల పరీక్షలు రద్దయ్యాయి. ప్రతి విద్యార్థికీ ఏ గ్రేడు రావచ్చో టీచర్లు అంచనా పంపారు. టీచర్లు ఉదారంగా వేస్తారన్న అనుమానంతో పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ వాటిని ఒక అల్గారిథమ్‌లో వేసి, ఆ బడి పాత ఫలితాలకు తగ్గట్టు సరిచేసింది. ఏ-లెవెల్ (అక్కడి ఇంటర్ స్థాయి పరీక్ష) గ్రేడ్లలో దాదాపు 40 శాతం టీచర్ల అంచనా కంటే తగ్గిపోయాయి. గతంలో ఫలితాలు బాగాలేని బడిలో చదివిన తెలివైన పిల్లలు బడి చరిత్రకు బలయ్యారు. విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, నాలుగు రోజుల్లో, ఆగస్టు 17న, అల్గారిథమ్‌ను వదిలేసి టీచర్ల అంచనాలకే తిరిగొచ్చారు. కథ ఇక్కడితో ఆగితే టీచర్ గెలిచినట్టుంటుంది. కానీ టీచర్ల అంచనాలు నిజంగానే ఉదారంగా ఉన్నాయి. ముందు ఏడాది పై రెండు గ్రేడ్లు నాలుగో వంతు వస్తే ఆ ఏడాది 38 శాతం దాకా వెళ్లాయి. తన పిల్లల మీద ఆశ పెట్టుకోవడం టీచర్ బలం, మార్కులు వేసేటప్పుడు అదే బలహీనత. టీచర్ తీర్పుకు విలువ ఇవ్వడమంటే ఇంకో టీచర్ చేత సరిచూపించడం కూడా. అల్గారిథమ్‌కు తెలిసింది బడి సగటే, ఆ పిల్లాడు ఎవరో దానికి తెలియదు. ఆ మాట కొట్టిపారేయలేనిది.

సమాచారాన్ని తూకం వేయడం నేర్పే బాధ్యత కూడా కొత్తగా వచ్చి చేరింది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన సామ్ వైన్‌బర్గ్ బృందం చరిత్రకారులను, తెలివైన విద్యార్థులను, నిజనిర్ధారణ చేసే పాత్రికేయులను ఒకే వెబ్‌సైట్ల ముందు కూర్చోబెట్టి ఎవరు ఎలా చదువుతారో చూసింది. చరిత్రకారులు, విద్యార్థులు ఆ పేజీనే పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి, లోగో చూసి, భాష చూసి నమ్మారు. నిజనిర్ధారణ చేసేవాళ్లు ఆ పేజీని దాదాపుగా చదవకుండా వదిలి, ఇంకో నాలుగు ట్యాబులు తెరిచి ఈ సంస్థ ఎవరిదో వెతికారు. తక్కువ టైములో సరైన నిర్ణయానికి వచ్చింది వాళ్లే. పేజీని శ్రద్ధగా చదవమని పిల్లలకు ఎన్నో ఏళ్లుగా చెప్పిన టీచర్లు ఇప్పుడు కొన్ని చోట్ల చదవడం ఆపి పక్కకు చూడమని చెప్పాలి. దీనికి వేరే పీరియడ్ ఉండదు. సోషల్ టీచర్, సైన్సు టీచర్ తమ పాఠంలోనే దాన్ని కలుపుకోవాలి.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు ఇంకా చాలా వచ్చి చేరాయి. హాజరు యాప్‌లో, మార్కులు పోర్టల్‌లో, ఫొటోలు ఇంకో యాప్‌లో. తల్లిదండ్రుల గ్రూపులో రాత్రి పదింటికి వచ్చే మెసేజ్‌కు జవాబు ఇవ్వకపోతే పొద్దున్నే ఫిర్యాదు. 2020 ఏప్రిల్ నాటికి 190కి పైగా దేశాల్లో బడులు మూతపడి 150 కోట్లకు పైగా విద్యార్థులు ఇళ్లలో ఉన్నప్పుడు టీచర్లు ఒక్కసారిగా కెమెరా ముందుకొచ్చారు. అప్పుడు అత్యవసరం కోసం చెరిగిన పనివేళల గీత బడులు తెరిచాక మళ్లీ గీయలేదు. కృత్రిమ మేధ టీచర్ల టైము మిగులుస్తుందని చెబుతున్నారు. ప్రశ్నపత్రం చిత్తుప్రతి, పాఠ ప్రణాళిక, ఒకే కథను మూడు స్థాయిల్లో రాయడం, వీటిలో నిజంగానే మిగులుతుంది. మిగిలిన టైము పిల్లలకు వెళ్తుందా, ఇంకో ఫారం నింపడానికి వెళ్తుందా అన్నది యంత్రం తేల్చే విషయం కాదు, హెడ్మాస్టరూ ఆ పైవాళ్లూ తేల్చేది.

శిక్షణ కూడా ఎక్కువ చోట్ల బటన్ల దగ్గరే ఆగిపోతోంది. ఎక్కడ లాగిన్ కావాలి, ఎక్కడ అప్‌లోడ్ చేయాలి, సర్టిఫికెట్ ఎలా డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఫలానా పాఠానికి ఈ సాధనం ఎందుకు వాడాలి, ఎప్పుడు పక్కన పెట్టాలి అన్న చర్చ తక్కువ. పక్కన పెట్టడం కూడా నైపుణ్యమే. 2023లో స్వీడన్ ప్రభుత్వం చిన్నపిల్లల బడుల్లో డిజిటల్ పరికరాలు తప్పనిసరి అన్న నిబంధనను వెనక్కి తీసుకునే నిర్ణయం చేసి, అచ్చు పుస్తకాలకు డబ్బు పెంచింది. 2024లో యునెస్కో టీచర్లకు కృత్రిమ మేధలో కావాల్సిన సామర్థ్యాల చట్రాన్ని విడుదల చేసింది. అందులో మొదటి స్థానం సాంకేతికతకు ఇవ్వలేదు, మనిషే కేంద్రంగా ఆలోచించడానికి ఇచ్చారు. మాట బాగుంది, అమలుకు బడ్జెట్ ఎవరిదో అందులో ఉండదు.

ఈ మార్పు అంతటా ఒకే దిశలో లేదు కూడా. కెన్యాలో 2009లో మొదలైన బ్రిడ్జ్ అనే ప్రైవేటు సంస్థ బడుల్లో టీచర్ చేతిలో ట్యాబ్లెట్ ఉంటుంది. పాఠం ఏ మాటలతో చెప్పాలో, ఎప్పుడు ప్రశ్న అడగాలో అందులో వరుసగా రాసి ఉంటుంది. టీచర్ దాన్ని అనుసరిస్తారు. మార్గదర్శి అన్న నినాదానికి ఇది పూర్తి వ్యతిరేకం. టీచర్ల సంఘాలు దీన్ని తీవ్రంగా ఎదిరించాయి. కానీ నోబెల్ గ్రహీత మైఖేల్ క్రెమర్ కూడా ఉన్న పరిశోధక బృందం కెన్యాలోని ఈ బడులను పరిశీలించి, అక్కడ చదివిన పిల్లలు మిగతావాళ్ల కంటే గణనీయంగా ఎక్కువ నేర్చుకున్నట్టు 2022లో తెలిపింది. ఈ ఫలితాన్ని నచ్చలేదని పక్కకు నెట్టడం తప్పు. అరకొర శిక్షణతో క్లాసులోకి వచ్చిన టీచర్‌కు, పాఠాలు అసలు జరగని బడికి, రాసిపెట్టిన పాఠం పెద్ద ఆసరా. 2030 నాటికి ప్రపంచానికి ఇంకా 4.4 కోట్ల మంది టీచర్లు కావాలని యునెస్కో అంచనా. అంతమందిని పదేళ్ల అనుభవంతో ఎవరూ తేలేరు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. మొదటి రెండేళ్లు ఆసరాగా ఉన్న స్క్రిప్టు అయిదో ఏట కూడా అలాగే ఉంటే ఆ టీచర్‌కు సొంతంగా పిల్లల తప్పును పట్టుకునే అలవాటు ఎప్పటికీ రాదు. అది రానప్పుడు మంచి జీతం ఎందుకు, సుదీర్ఘ శిక్షణ ఎందుకు అన్న వాదన వెంటనే మొదలవుతుంది. బడులు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు రాసుకునే ఒప్పందాల్లో ఈ సంగతి చిన్న అక్షరాల్లో ఉంటుంది: పాఠాల వరుసను టీచర్ మార్చవచ్చా, యంత్రం ఇచ్చిన స్కోరును టీచర్ కొట్టేసి వేరేది వేయవచ్చా, అలా వేస్తే ఆ మార్పు నిలుస్తుందా. చాలా చోట్ల ఈ మూడు ప్రశ్నలు ఎవరూ అడగకుండానే సంతకాలు అయిపోతున్నాయి.